కచేరి గదిలో ఆఖరి ఆట

మా ముత్తాత మాలీ పటేల్. ఇంద్రేశం చుట్టుపక్కల ఊళ్ళ శిస్తు ఆయన చేతి మీదుగానే పైకి వెళ్ళేది. మా తాత పోలీస్ పటేల్. గట్టు తగాదా వచ్చినా, ఎవరి బర్రె ఎవరి చేలో పడినా ముందు మా ఇంటి కచేరి గదికి రావాలి. ఠాణా ఆ తర్వాతే. ఆయన వచ్చి కూర్చుంటే గాని పంచాయితీ మొదలయ్యేది కాదు. మా నాన్న దాకా ఆ పదవి రాలేదు. ప్రభుత్వం పటేళ్ళనూ పట్వారీలనూ తీసేసింది. నాన్నకు మిగిలింది ఆ గది, అందులో కూర్చునే పద్ధతి. గోడకు వీపు ఆనించకుండా కూర్చునేవాడు. నేనూ అంతే. పాశమైలారంలో నేను సరుకు లారీలు పంపే పని చేసే మందుల ఫ్యాక్టరీలో నాకు వెనక్కి వాలే కుర్చీ ఇచ్చారు. దాని వీపు ఇంకా కొత్తగానే ఉంది.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. నేను రాయబోయేది ఒక వీడియో గేమ్ గురించి. దాన్ని నేను ఎందుకు అలా ఆడానో, ఎందుకు అన్నిసార్లు ఓడిపోయానో ఈ సంగతులు లేకుండా అర్థం కాదు.

ఆట పెట్టె నాది కాదు, నా బావమరిదిది. మా ఆవిడ వాళ్ళది కృష్ణా జిల్లా. మా మామగారు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. బావమరిది కొత్త పెట్టె కొనుక్కుని పాతది తెచ్చి మా కచేరి గదిలో పెట్టాడు. ఒకరు వాడి పడేసిన వస్తువు మా ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు. అందుకని దాన్ని భద్రపరచమని ఇచ్చాడని అనుకున్నాను. భద్రపరిచిన వస్తువు పాడు కాకుండా అప్పుడప్పుడూ నడిపి చూడాలి కదా.

అందులో ఒక ఆట నన్ను పట్టుకుంది. ఒక యువకుడు. తాతల కోట పోయింది. కొండ కనుమ అవతల ఉన్న ఆ కోటను మంచు పడి దారి మూసుకుపోయే లోపల తిరిగి గెలవాలి. తెర పైమూలన ఒక సూర్యచక్రం ఉంటుంది. నడిస్తే అది తిరుగుతుంది, దారిలో పని అడిగినవాళ్ళకు మాట ఇస్తే తిరుగుతుంది, గాయాలు మానడానికి గుడారం వేసుకుని పడుకుంటే ఇంకా ఎక్కువ తిరుగుతుంది. చక్రం పూర్తిగా నల్లబడితే కనుమ మూసుకుపోతుంది, ఆట మొదటికి వస్తుంది. పోరాటాలు వంతుల వారీగా సాగుతాయి: మనవాళ్ళు ఒక దెబ్బ, శత్రువులు ఒక దెబ్బ. అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో చచ్చిన తోటివాడు మళ్ళీ లేవడు. పోరాటం మధ్యలో ఆట ఆగిపోతే ఓడినట్టే లెక్క. అప్పటి దాకా ఆడింది మొత్తం చెరిగిపోతుంది.

"బావగారూ, ఆ పైస్థాయిలో నేనే పూర్తి చేయలేకపోయానండి," అన్నాడు బావమరిది. "ఈజీలో పెట్టుకోండి. హాయిగా కథ తెలుస్తుంది."

"కథ నాకు తెలుసు. ఇల్లు పోయినోని కథ," అని పైస్థాయే ఎంచుకున్నాను.

అప్పటికే మా ఇంటి బేరం కుదిరిపోయింది. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లు అయ్యాయి. మా ఇల్లు, పెరడు మధ్యలో మిగిలిపోయాయి. లేఅవుట్ వాళ్ళు మా ప్రహరీ పక్కన సున్నం గీతలు గీసి, జేసీబీని తెచ్చి నిలబెట్టారు. దసరా లోపల ఖాళీ చేసి ఇస్తామని నేనే మాట ఇచ్చాను. అందులో నాకు బాధ లేదు. పైకప్పు కారుతున్న ఇంటిని పట్టుకుని వేలాడటం పరువైన పని కాదు.

కాని ఒక్కటి మాత్రం నన్ను తినేసేది. ఆ కచేరి గదిలో చివరగా జరిగిన పంచాయితీ మాదే. నాన్నకు, చిన్నాన్నలకు భూమి పంపకం. బయటి ఊరి పెద్దమనుషులు వచ్చి, నాన్న కూర్చునే చోట కూర్చుని నాన్నకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. నాన్న గోడకు ఆనకుండానే విన్నాడు. ఆ తర్వాత అక్కడ ఏ తీర్పూ జరగలేదు. యూరియా బస్తాలు పెట్టాం, పాత మంచాలు పెట్టాం, చివరికి టీవీ పెట్టాం. మా తాత ఎందరికో న్యాయం చెప్పిన గదిలో ఆఖరుగా జరిగింది మా ఓటమే అయితే ఎట్లా? జేసీబీ దాన్ని ముట్టుకునే లోపల అక్కడ మావాడు ఒకడు గెలవాలి. ఆ ఒకడు నేనే. ఆ గదిలో గెలవడానికి నాకు మిగిలిన యుద్ధం అదొక్కటే.

ఈ మాట మా ఆవిడకు చెప్పాను. తను నవ్వలేదు. "సరే, ఈ గది ఆఖర్న సర్దుతాను," అంది. "కాని లారీ వచ్చాక మాత్రం ఆగదండి."

"లారీలను ఆపుడే నా నౌకరి."

"కదిలించడం కదా మీ ఉద్యోగం?"

"ఆపరాకపోతే కదిలించరాదు," అన్నాను. తను అట్టపెట్టెలు మడవడానికి వెళ్ళిపోయింది.

పొద్దుటి షిఫ్టు అయిపోయాక మధ్యాహ్నం వచ్చి, కాళ్ళు కడుక్కుని, కచేరి గదిలో నిటారుగా కూర్చుని ఆడేవాణ్ణి. ఓడిపోయేవాణ్ణి. కొన్నిసార్లు కనుమ చేరేలోపే చక్రం నల్లబడేది. చేరిన కొన్నిసార్లు అక్కడి పోరాటంలో నావాళ్ళందరూ పోయేవారు. నా వెంట ముగ్గురు: ఒక విలుకాడు, గాయాలు మాన్పే ఒక స్త్రీ, తాతల కాలం నాటి ముసలి కాపలాదారు. ఆ ముసలివాడు పోయినప్పుడు నేను టీ కూడా తాగలేదు.

బావమరిది వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచే అడిగేవాడు. "మళ్ళీ పోయారా దొరవారు?"

"పోలే. టైమ్ అయిపోయింది."

"రెండూ ఒకటే కదండీ."

"ఎట్లయితది? సచ్చుడు వేరే, ఆలస్యమవుడు వేరే."

"బావగారూ, మీరు ఫ్యాక్టరీలో నిమిషం తేడా రానివ్వరంట. ఇక్కడేంటండీ మరి?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఫ్యాక్టరీలో టైము కంపెనీది. ఇంట్లో టైము మాది. మా ఇంట్లో ఎవరూ దేనికీ ఆలస్యంగా వెళ్ళినట్టు నేను వినలేదు. మేము వెళ్ళినప్పుడే అది మొదలయ్యేది. ఆ చక్రం మాత్రం మా ఇంటి సంగతి వినలేదు.

ఇల్లు ఖాళీ చేస్తున్నామని తెలిసి మా మేనత్త వచ్చింది. మా తాతకు ఒక్కతే కూతురు. వాళ్ళ అమ్మ నీళ్ళు కాచిన రాగి గంగాళం తనదేనని, దాన్ని ఆటోలో వేసుకుపోవడానికి వచ్చింది. గంగాళం గుమ్మం దగ్గర పెట్టించి, ఆటో వచ్చేదాకా కచేరి గదిలో నా పక్కన కూర్చుంది. కళ్ళద్దాలు పైకి తోసుకుని తెర చూడసాగింది.

"ఏందిర అల్లుడా ఇది? గా గడ్డపాయన ఏమంటున్నడు?"

"మేకలు తప్పిపోయినయట అత్తమ్మా. ఎతికి పెట్టుమంటున్నడు."

"నువ్వేమన్నవ్?"

"సరే అన్న."

"ఇంతకుముందు గా ముసలామె?"

"బాయి కాడ దొంగలున్నరట, కొట్టుమన్నది. సరే అన్న."

"అందరికి సరే అంటె నీ పని ఎప్పుడు జేసుకుంటవ్ర?"

"గడపల నిలవడ్డోన్ని ఉత్తగ పంపుడు మన ఇంట్ల లేదు గద అత్తమ్మా. తాత పద్ధతి."

అత్త నావైపు తిరిగింది. "ఎవలు జెప్పిన్రు నీకు? మా నాయిన ఒక్కనికన్న సరే అన్నడా జల్దీ? 'సూద్దాం' అనెటోడు. గంతే. సూద్దాం అని లోపలికొచ్చి అన్నం దినెటోడు. ఆల్లు గా అరుగు మీద పొద్దుగూకె దాంక కూసునెటోళ్ళు. సగం మంది ఆల్లకాల్లే కలిసి ఇంటికి పొయ్యెటోళ్ళు. ఇగ మిగిలినోల్లదే పంచాయితి."

"మరి నాన్న అందరికీ సరే అనెటోడు గదా."

"మీ నాయిన మంచోడు," అంది అత్త. మంచోడు అన్న మాటను తను ఎట్లా పలికిందో ఇక్కడ రాయలేను. "పటేల్ గాకపాయె గద ఆయన. కాదంటె ఎవలన్న రారేమోనని భయం. వచ్చినోల్లందరికి సరే అన్నడు. మా నాయినకు గా భయం ఎక్కడిది?"

ఆటో వచ్చింది. గంగాళం ఎక్కించాక కూడా తను గుమ్మంలో నిలబడి, "సూద్దాం అను బిడ్డా. పాపమేం రాదు," అని వెళ్ళింది.

నేను మళ్ళీ తెర ముందు కూర్చున్నాను. ఆటలో ఎవరు ఏది అడిగినా మూడు జవాబులు వస్తాయి. ఒప్పుకుంటున్నాను, కుదరదు, తర్వాత చూస్తాను. ఆ మూడోదాన్ని నేను ఎన్నడూ నొక్కలేదు. అది దఫ్తర్‌లో గుమాస్తా చెప్పే జవాబు అనుకున్నాను. అది మా తాత మాట అని నాకు తెలియదు. ఆ జవాబు నొక్కి చూస్తే చక్రం కదలలేదు. గడ్డపాయన తల ఊపి పక్కకు జరిగాడు.

ఆట మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఫ్యాక్టరీలో చేసే లెక్కనే ఇంటికి తెచ్చుకున్నాను. ఓడరేవుకు సరుకు ఏ వేళకు చేరాలో ముందు చూసుకుని అక్కడినుంచి వెనక్కి వస్తాం: ముత్తంగి జంక్షన్ ఎప్పుడు దాటాలి, గేటు ఎప్పుడు వదలాలి, మందుల డ్రమ్ములు లారీ ఎప్పుడు ఎక్కాలి. అలాగే కనుమ మూసుకునే వేళ నుంచి వెనక్కి లెక్క పెట్టాను. ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ గాయాలతోనే నడవాలో ముందే తేల్చుకున్నాను. అంతకుముందు ప్రతి పోరాటం తర్వాత గుడారం వేసేవాణ్ణి. మా ఇంటివాళ్ళు దెబ్బలతో నలుగురిలో కనబడరు. ఇప్పుడు నా ముసలి కాపలాదారు కుంటుతూనే నడిచాడు. దారిలో ఒక్క పడవవాడికి మాత్రం సరే అన్నాను, అతని పని చేసిపెడితే ఏరు దాటించి దారి తగ్గిస్తాడు గనుక. మిగిలిన అందరికీ సూద్దాం అన్నాను. బాయి కాడి ముసలామెకు కూడా. తిరిగి చూస్తే ఆమె అక్కడే నిలబడి ఉంది. మా అరుగు మీద పొద్దుగూకే దాకా కూర్చున్నవాళ్ళు ఎట్లా చూసేవాళ్ళో మొదటిసారి తోచింది. ఎక్కువసేపు ఆలోచించలేదు. చక్రం తిరుగుతోంది.

ఆ లెక్కతో కనుమకు వెలుగుండగానే చేరాను. అయినా అక్కడి పోరాటంలో ఓడిపోయాను.

ఆ కనుమను పట్టుకుని ఉన్నవాడు ఒక నాయకుడు. ఇనుప కవచం, రెండు చేతుల గొడ్డలి. వాడి చుట్టూ సైనికులు, వెనకాల ఒక డోలు కొట్టేవాడు. నేను ఎప్పుడూ నాయకుడి మీదికే వెళ్ళేవాణ్ణి. వాడు మా కోట తిన్నవాడు, వాడితోనే తేల్చుకోవాలి. డోలు వాయించేవాడితో నాకేం పని? మాట అయినా దెబ్బ అయినా సమానుడితోనే అని పెరిగినవాణ్ణి. కాని నేను ఒక దెబ్బ కొట్టేలోపు వాళ్ళు రెండు కొట్టేవాళ్ళు. అది ఆట తయారుచేసినవాళ్ళ అన్యాయం అనుకున్నాను.

ఒకరోజు ఫ్యాక్టరీలో ఓడరేవుకు వెళ్ళాల్సిన లారీ గేటు దగ్గర ఆగిపోయింది. లారీల యజమాని కారులో దిగాడు. మా కొత్త మేనేజర్ ఎదురు వెళ్ళి ఆయనతో వాదన మొదలుపెట్టాడు. ఇద్దరూ పెద్దవాళ్ళే, ఇద్దరి గొంతులూ పెద్దవే. నేను వాళ్ళను దాటుకుని వెనకాల కాంటా దగ్గరికి వెళ్ళాను. అక్కడ తూకం చీటీ మిషన్‌లో కాగితం ఇరుక్కుని ఉంది. చీటీ లేనిదే గేటు తెరవరు. చేత్తో రాయించి, ముద్ర వేయించి ఇప్పించాను. లారీ కదిలింది. యజమాని, మేనేజర్ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఇది నేను రోజూ చేసే పనే. ఆగిన చోట అరిచేవాడి దగ్గరికి నేనెప్పుడూ వెళ్ళను, ఆపుతున్నదాని దగ్గరికి వెళ్తాను.

బండి మీద ఇంటికి వస్తుంటే డోలు గుర్తొచ్చింది. వాళ్ళు రెండు దెబ్బలు కొట్టేది డోలు మోగిన ప్రతిసారీ. అన్నిసార్లు ఆడి కూడా ఆ చప్పుడు వినలేదు నేను. విన్నాను కాని, పట్టించుకోదగ్గదిగా అనిపించలేదు.

అప్పటికి ఇల్లు సగం ఖాళీ అయింది. వంటింటి సామాను కొత్త కిరాయి ఇంటికి చేరింది. కచేరి గదిలో టీవీ, పెట్టె, దాని కింద బల్ల, నేను మిగిలాం. లారీ వచ్చే రోజు సెలవు పెట్టాను. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. బావమరిది సాయానికి వచ్చి నా చొక్కా చూశాడు.

"పెళ్ళికా బావగారూ?"

"కచేరికి."

పడవలో ఏరు దాటాను. కొండ ఎక్కాను. చక్రం చివర సన్నటి వెలుగు మిగిలి ఉండగా కనుమ చేరాను. పోరాటం మొదలైంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎవరో దగ్గారు. కరెంటు లైన్‌మన్. చేతిలో పట్టకారు.

"అన్నా, మీటర్ తీసెయ్యుమన్నరు. జెర మెయిన్ బంద్ చేస్తున్న."

మెయిన్ బంద్ చేస్తే ఆట చెరిగిపోతుంది. మళ్ళీ మొదటినుంచి ఆడటానికి ఆ గది ఉండదు. నేను తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"సూద్దాం," అన్నాను.

"ఏం సూద్దామన్నా? నాకింక నాలుగిండ్లున్నయి."

"అరుగు మీద కూసో. పిలుస్త."

నా గొంతు అట్లా పలుకుతుందని నాకే తెలియదు. మా ఆవిడ అట్టపెట్టెలు వదిలేసి వచ్చి, "టీ తాగి వెళ్దురుగాని, కూర్చోండి," అంది. బావమరిది అతని భుజం మీద చెయ్యి వేసి, "బ్రదర్, ఒక్క ఫైట్ అండి. అయిపోతే మీటరే కాదు, మా బావగారిని కూడా పట్టుకుపోవచ్చు," అన్నాడు. లైన్‌మన్ అరుగు మీద కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకుని తెర చూడసాగాడు.

నాయకుడు గొడ్డలి ఎత్తి నా మీదికి వచ్చాడు. నేను వాడికి ఎదురు వెళ్ళలేదు. ముసలి కాపలాదారును డాలుతో అడ్డం నిలబెట్టి, విలుకాడిని బండ పక్కగా జరిపి డోలు వాడి మీదికి బాణాలు వేయించాను. మొదటి బాణం తగలలేదు. డోలు మోగింది, ముసలివాడి మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"అయ్యో, తాత పోతాడు బావగారూ," అన్నాడు బావమరిది. వాడి గొంతులో వెక్కిరింపు లేదు.

"పోడు. మన ఇంటోడు."

రెండో బాణం తగిలింది. మూడోదానికి డోలు పడిపోయింది. చప్పుడు ఆగింది. ఆ గదిలో ఆట మొదలైనప్పటి నుంచి అంత నిశ్శబ్దం నేను వినలేదు. ఇప్పుడు వాళ్ళు ఒక దెబ్బ, మేము ఒక దెబ్బ. న్యాయం. సైనికులను ఒక్కొక్కరిగా దించాను. వైద్యురాలు ముసలివాడిని ఊపిరితో నిలబెట్టింది. చివరికి నాయకుడు ఒక్కడే మిగిలాక నా వారసుణ్ణి ముందుకు నడిపించాను. అప్పుడు సమానుడితో తేల్చుకున్నాను.

కనుమ తెరుచుకుంది. అవతల కోట కనిపించింది. తలుపులు తోసుకుని నలుగురూ లోపలికి నడిచారు, నలుగురూ బతికే. తెర మీద పేర్లు పైకి జరగడం మొదలైంది. నేను లేచి నిలబడ్డాను. మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నావైపు చూసింది. టీవీకి ఎదురుగా ఉన్న గోడను, నాన్న కూర్చునే చోటును ఒకసారి చూసి నవ్వింది. బావమరిది నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "నేను చేయలేకపోయానండి బాబూ. పెట్టె మీదే ఇక, ఉంచేసుకోండి."

"భద్రంగనే ఉన్నది. తీస్కపో," అన్నాను.

లైన్‌మన్ టీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. "ఇగ బంద్ చెయ్యాల్నా పటేలా?" అన్నాడు. అన్నా నుంచి పటేలా దాకా ఎప్పుడు వచ్చాడో తెలియదు. అందులో ఎకసెక్కం కొంత ఉండి ఉండవచ్చు. నేను దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకున్నాను.

"చెయ్," అన్నాను.

తెర ఆరిపోయింది. లారీ వచ్చింది. టీవీ, బావమరిది తీసుకోకుండా వదిలేసిన పెట్టె, బల్ల నేనే దగ్గరుండి ఎక్కించాను. ముందు దించాల్సినవి చివర ఎక్కాలి. ఇల్లు, పెరడు లేఅవుట్ వాళ్ళకు అమ్మాం. కచేరి గది టేకు తలుపులు విడిగా, పటాన్‌చెరులో కొత్తగా కడుతున్న ఒక హోటల్ వాళ్ళకు అమ్మాం.